పొడుగు గంట

టెలిఫోను మీద తువ్వాలు కప్పినంత మాత్రాన అది అక్కడ లేకుండా పోదని హేజెల్ పొద్దుటి నుంచీ అత్తగారు మీటాతో అందామనుకుంటూనే ఉంది. అనడానికి సందు దొరకలేదు. మీటా రొట్టె పిండిని బల్లకేసి బాదుతోంది. సగానికి సగం మొక్కజొన్న పిండి కలిపిన యుద్ధకాలపు రొట్టె అది. ఎంత బాదినా పొంగదు. ఆ సంగతి మీటాకీ తెలుసు. అయినా బాదుతోంది.

వంటింటి గోడకి బిగించిన టెలిఫోను పెట్టెకి ఎదురుగా కుర్చీ వేయించుకుని హేజెల్ మొగుడు ఆర్నో నానమ్మ ఆంట్యె కూర్చుంది. ఎవరు పలకరించినా పలకడం లేదు. అలిగిన మనిషిలా కూడా లేదు. స్టేషనులో రావలసిన బండి కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

మొన్నమొన్నటి దాకా ఈ వేళకి, పాలు పితకడం అవగానే, ఆవిడ ఆ పెట్టె హ్యాండిల్ తిప్పి నది అవతల ఉన్న చెల్లెలు వీబ్కేతో మాట్లాడేది. కోళ్ళ సంగతి, మోకాళ్ళ సంగతి, వచ్చిన కలల సంగతి. చివర ఇద్దరూ కలిసి చిన్న ప్రార్థన చెప్పుకుని పెట్టేసేవారు. తుంటి విరిగాక ఆంట్యె ఈ గుమ్మం దాటలేదు. పక్షవాతం వచ్చాక వీబ్కే మంచం దిగలేదు, అక్కడి టెలిఫోను మంచం పక్క గోడకే బిగించారు. వాళ్ళిద్దరి మధ్యా మిగిలింది ఆ తీగ ఒక్కటే.

ఆ తీగ మీద ఇప్పుడు జర్మను మాట వినపడకూడదు. యుద్ధం జర్మనీతో గనక, అయోవా రాష్ట్రంలో వీధిలో గానీ రైల్లో గానీ టెలిఫోనులో గానీ ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని గవర్నరుగారి ఆజ్ఞ. ఒకే తీగ మీద పదిళ్ళు ఉన్న ఊళ్ళో ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా మిగతావాళ్ళు రిసీవరు ఎత్తి వినడం మామూలే. అలా విన్నవాళ్ళెవరో పితూరీ చేశారు. ఇంకోసారి వినిపిస్తే టెలిఫోను పీకించేస్తామని జిల్లా రక్షణ సంఘం కబురు పంపింది.

ఆ సంఘానికి అధ్యక్షుడు హేజెల్ నాన్న, ప్రూయిట్ మేస్టారు.

"మా అత్తగారి మోకాళ్ళ నొప్పి కూడా ఆ జర్మనీ రాజు కైజరుకి పనికొచ్చే రహస్యమేనేమో, మీ నాన్నగారిని కనుక్కోమ్మా," అంది మీటా, పిండి మీంచి తలెత్తకుండా.

"నేను అడగలేదనుకుంటున్నారా అత్తయ్యా?"

"అడిగే ఉంటావు. ఆయన చెప్పిందే విని వచ్చి ఉంటావు."

హేజెల్‌కి విసుగొచ్చింది. విసుగు ఆమెకి కొత్త. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నించీ ఆమెకి ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. నీలం ఎనామిల్ కాఫీ కుండ తనదే అనుకుంటే ముచ్చట. పొలం నుంచి వస్తూ ఆర్నో టోపీ నిండా స్ట్రాబెర్రీలు కోసుకు రావడం, ఆ టోపీకి మరక అంటిందని మీటా గొణగడం, మర్నాడు అతను మళ్ళీ అదే టోపీలో తేవడం ముచ్చట. బఠానీ కాయలు ఒలుస్తుంటే అవి గిన్నెలో పడే చప్పుడు కూడా బాగుండేది. కాలేజీలో గృహశాస్త్రంతో పాటు సరదాకి నేర్చుకున్న జర్మను ఇక్కడ నానమ్మతో మాట్లాడడానికి పనికొచ్చిందని ఆమె పొంగిపోయింది. ఇప్పుడా సంతోషాలన్నీ ఎవరో ఒకరి మొహం చూసి, తగునో తగదో చూసుకుని పడవలసి వస్తోంది. ఇద్దరు ముసలమ్మలు కోళ్ళ గురించి చెప్పుకోవడం వల్ల ఏ సైన్యం ఓడిపోతుందో ఆమెకి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఆర్నో గుమ్మంలో బూట్ల బురద గీకుతూ, ప్రూయిట్ మేస్టారి కారు దారి మలుపు తిరిగిందని చెప్పాడు. ఆయన పక్క సీట్లో చాపచుట్టలాంటిదేదో ఉందట. ఇక్కడే మకాం పెడతాడేమోనని అన్నాడు.

"నవ్వకు," అంది హేజెల్.

"నవ్వట్లేదు. పక్క ఎక్కడ వెయ్యాలా అని ఆలోచిస్తున్నా."

అది చాప కాదు. మడతలు పడి అంచులు పసుపెక్కిన బొమ్మల పటం. ప్రూయిట్ గారు కాళ్ళు శుభ్రంగా తుడుచుకుని లోపలికొచ్చి, అందరినీ పేరు పేరునా పలకరించి, రొట్టె వాసన బాగుందని మెచ్చుకుని, కాఫీలో చక్కెర వద్దని చెప్పి, పటం విప్పి టెలిఫోను పక్కన ఉన్న మేకుకి తగిలించారు. ఆవు. ఓడ. గడియారం. జెండా. ఒక్కొక్క బొమ్మ కింద ఇంగ్లీషులో దాని పేరు, ఎంత దూరం నుంచైనా కనిపించేంత పెద్దగా.

హేజెల్ పటం దగ్గరికి వెళ్ళింది. ఆ ఆవుని ఆమె ఎరుగును. ఫిలిప్పీన్సు దీవుల్ని అమెరికా చేజిక్కించుకున్న కొత్తలో అక్కడ బళ్ళు పెట్టడానికి వెళ్ళిన మేస్టర్లలో ఆమె నాన్న ఒకరు. ఇలోఇలో పట్నంలో వెదురు తడికెల బడిలో ఈ పటమే గోడకి వేలాడేది. ఆ ఆవు కిందే ఆమె నడక నేర్చుకుంది.

ప్రూయిట్ గారు తాను చేసుకొచ్చిన ఏర్పాటు చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన మీటా వైపే చూశారు, కూతురి వైపు చూడలేదు. సంఘంలో కొందరు పసుపు రంగు డబ్బాలు సిద్ధం చేసుకున్నారట, ఈ ఇంటి గోడలకి పుయ్యడానికి. దేశద్రోహి ఇల్లని అందరికీ తెలియడానికి. తాను గంటల తరబడి వాదించి ఆపారట. బదులుగా ఒక మాటకి ఒప్పించారట. ఇవాళ మిట్టమధ్యాహ్నం ఎక్స్ఛేంజి అమ్మాయి పొడుగు గంట కొడుతుంది.

పొడుగు గంటంటే తీగ మీదున్న ఇళ్ళన్నింట్లోనూ ఒకేసారి, ఆగకుండా మోగే గంట. ఎక్కడైనా నిప్పంటుకున్నా, సుడిగాలి వస్తున్నా, యుద్ధవార్త వచ్చినా అలా కొడతారు. అది విని రిసీవరు ఎత్తని ఇల్లుండదు. ఇవాళ ఎత్తినవాళ్ళకి ఆంట్యె గొంతు వినిపిస్తుంది. ఈ దేశం నాదని, ఈ దేశం భాషే ఇకమీదట టెలిఫోనులో మాట్లాడతానని ఆవిడ నాలుగు ఇంగ్లీషు వాక్యాలు చెబుతుంది. అంతటితో పితూరీ కొట్టేస్తారు. టెలిఫోను ఉంటుంది. రంగు డబ్బాలు ఎవరిళ్ళకి వాళ్ళు పట్టుకుపోతారు.

"అందుకని పాఠం చెబుదామని వచ్చాను," అన్నారాయన. "ఇంకా వేళుంది. మనసు పెడితే నాలుగు వాక్యాలు ఎంతసేపు?"

ఆయన మంచి మేస్టారే. కోప్పడరు. బెత్తం చివర ఆవు మీద పెట్టి ఆ పేరు పలికారు. నెమ్మదిగా మళ్ళీ పలికారు. ఆంట్యె ఆవుని చూసింది, ఆయన్ని చూసింది. ఆయన ఓడకి వెళ్ళారు. గడియారానికి వెళ్ళారు. మధ్యలో మెచ్చుకోలుగా తల ఊపారు, ఆవిడ ఏమీ అనకపోయినా. ఇలోఇలోలో ఇంతకంటే పెద్దవయసు చేపలాయన ఒకడు చుట్ట పక్కన పెట్టి నేర్చుకున్నాడని, చివరికి సంతకం చెయ్యగలిగాడని మీటాకి చెప్పారు.

"ఆయన మిమ్మల్ని అడిగాడా మేస్టారూ, నేర్పమని?" అన్నాడు ఆర్నో.

"అడగాలని కూడా వాళ్ళకి తెలియదు బాబూ. అదీ మేమే నేర్పాం."

ఆర్నో ఏదో అనబోయాడు. హేజెల్ అతని కాలు తొక్కింది. నిన్నా మొన్నా సాయంత్రాలు ఆమె కూడా నానమ్మ పక్కన కూర్చుని ఇంగ్లీషు మాటలు నేర్పడానికి తంటాలు పడింది. ఆవిడ నవ్వుతూ ఆమె చెంపలు నిమరడమే తప్ప ఒక్క ముక్క పలకలేదు. ఇవాళైనా పలుకుతుందన్న ఆశ ఆమెకి లేదు.

బెత్తం జెండా మీదికి వచ్చింది. అప్పుడు ఆంట్యె నోరు విప్పింది.

"పటం ఒక పక్కకి ఒరిగింది మేస్టారూ. ఇందాకటి నుంచీ చూస్తున్నా, మెడ నొప్పెడుతోంది."

ఇంగ్లీషులో. యాస ఉంది గానీ తడుముకోవడం లేదు.

ప్రూయిట్ గారి బెత్తం గాల్లోనే ఆగింది. హేజెల్ అత్తగారిని చూసింది. మీటా పిండి మీద గుడ్డ కప్పుతోంది. ఆర్నో కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"మీకు ఇంగ్లీషు వచ్చా నానమ్మా?"

"పెళ్ళయినప్పటి నుంచీ తుంటి విరిగేదాకా టౌనులో వెన్న అమ్మాను. ఎవరికి అమ్మాననుకున్నావే, ఆవులకా?"

"మరి నిన్న నేను అంతసేపు..."

"ముద్దుగా చెబుతున్నావు. చెప్పనిచ్చాను."

హేజెల్ మొగుడి వైపు తిరిగింది. అతను భుజాలు ఎగరేశాడు. ఆమె అంత సరదాగా నేర్పుతుంటే ఆపబుద్ధి కాలేదని గొణిగాడు. మీటాని అడిగితే, తనను ఎవరూ అడగలేదంది. ఈ ఇంట్లో అడగందే ఎవరూ ఏదీ చెప్పరని, చెబితే బల్లకేసి బాది చెబుతారని హేజెల్‌కి అప్పుడు తెలిసొచ్చింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగింది.

అందరికంటే ముందు ప్రూయిట్ గారే తేరుకున్నారు. ఆయన మొహంలో నిజంగా సంతోషం. "అయితే ఇంకేం. కష్టమే లేదు. కాగితం చూసి చదవక్కర్లేకుండా మీ మాటల్లోనే చెప్పెయ్యచ్చు."

"నాకు రాకపోవడం కాదు మేస్టారూ చిక్కు," అంది ఆంట్యె. "వీబ్కేకి రాదు. అది ఎప్పుడూ ఇల్లు దాటి ఎరగదు. వచ్చిన రెండు ముక్కలూ పక్షవాతం ఎత్తుకుపోయింది. మీరు చెప్పమన్నవి చెప్పేశాననుకోండి. తర్వాత దాంతో మాట్లాడనిస్తారా?"

"తప్పకుండా. ఎంతసేపైనా. ఇంగ్లీషులో."

పొయ్యిలో కట్టె ఒకటి కూలింది.

"ఇంగ్లీషులో," అని ఆంట్యె ఆయన మాటనే మళ్ళీ అంది, వినపడలేదేమో అన్నట్టుగా.

హేజెల్ నాన్న చెయ్యి పట్టుకుని పెరటి గుమ్మంలోకి లాక్కుపోయింది. బయట ఎండ చుర్రుమంటోంది. స్ట్రాబెర్రీ పాదుల్లో ఒక కోడి చేరి పళ్ళు పొడుస్తోంది. మామూలు రోజైతే ఆమె ఆ కోడిని తరిమి, నాన్న నోట్లో ఒక పండు పెట్టేది.

"నువ్వు అధ్యక్షుడివి నాన్నా. ఆ పితూరీ చింపి పారెయ్యలేవూ?"

"చింపితే నన్ను తీసేసి ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. వాడు డబ్బా పట్టుకునే వస్తాడు. నేనున్నాను కాబట్టే ఇది నాలుగు వాక్యాలతో పోతోంది. ఆ సంగతి మీ ఇంట్లో ఎవరికీ పట్టడం లేదు."

ఆయన గొంతులోనూ విసుగుంది. ఆయన చాలా అలిసిపోయి ఉన్నారని ఆమె అప్పుడే చూసింది. చొక్కా మెడ నలిగింది. ఆయన ఎప్పుడూ అలా రారు.

"పాలల్లో నీళ్ళు కలపకూడదని చట్టం కోసం ఊరూరూ తిరిగావు," అంది హేజెల్. "ఆడవాళ్ళకి ఓటు ఇమ్మని బండెక్కి మాట్లాడావు. నేను నీ వెనకాలే జెండా పట్టుకుని నడిచాను. నీకు గుర్తుందా, రాళ్ళు పడ్డాయి మన మీద. నువ్వు ఆగలేదు. అప్పుడు నిన్ను చూసి ఎంత గర్వపడ్డానో."

"అదీ ఇదీ ఒకటే అమ్మాయ్. మనుషులు బాగుపడాలి. అందరూ ఒక్క మాట మీద నిలబడాలి. అక్కడ మన పిల్లలు కందకాల్లో చచ్చిపోతుంటే ఇక్కడ చట్టాన్ని నాకు నచ్చినచోట పాటిస్తాను, నచ్చనిచోట మానేస్తాను అంటే ఎలా?"

"ఆర్నో నానమ్మ బాగుపడకుండా ఏమైంది?"

ఆయన జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"లొరెంజా గుర్తుందా?" అంది ఆమె.

ఆయనకి గుర్తుంది. ఆయన చూపు చూస్తేనే తెలిసింది. ఇలోఇలోలో హేజెల్‌ని ఎత్తుకు పెంచిన ఆయా లొరెంజా. హేజెల్‌కి మొట్టమొదట వచ్చిన భాష లొరెంజాదే. ఇంగ్లీషు తర్వాత వచ్చింది. తిరిగి వచ్చేసే ముందు ఏడాది, పిల్ల నోట ఆ భాష మాన్పించాలని ఇంట్లో ఎవరూ ఆ భాషలో పలకరించకూడదని నాన్న కట్టడి చేశారు.

"రేవులో ఓడ ఎక్కబోతుంటే నన్ను ఏదో అడిగింది," అంది హేజెల్. "నాకు అర్థమైంది. ఏం చెప్పాలో కూడా తెలుసు. నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంగ్లీషులో చెప్పమన్నావు. ఆవిడకి ఇంగ్లీషు రాదుగా నాన్నా. నేను ఊరుకున్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది. నేను ఊరుకున్నాను."

"నీకప్పుడు ఐదేళ్ళు. ఇవన్నీ ఎవరో చెబితే నీకు గుర్తున్నాయనుకుంటున్నావు."

"ఎవరు చెబుతారు? అక్కడున్నది మనం ముగ్గురమే."

కోడి పొడుస్తూనే ఉంది. ప్రూయిట్ గారు దాన్ని అదిలించారు, కాస్త అవసరమైన దానికంటే గట్టిగానే. లోపల్నించి మీటా పిలిచింది. నానమ్మ ఒప్పుకున్నారట. ఆ నాలుగు వాక్యాలూ చెబుతారట.

ఆంట్యె అంత తొందరగా ఒప్పుకోవడం హేజెల్‌కి నచ్చలేదు. లోపలికి వెళ్ళేసరికి ఆవిడ తలకి చుట్టుకునే నల్ల రుమాలు తీసి, ఆదివారం గుడికి కట్టుకునే తెల్లది కట్టించుకుంటోంది. ఆర్నో మొహం మాడ్చుకుని ముళ్ళు వేస్తున్నాడు. పసుపు రంగు పూస్తే పూయనీ, నేను మళ్ళీ తెల్లరంగు వేస్తాను, వాళ్ళకే విసుగు పుడుతుంది, నువ్వు ఎవరికీ తల వంచకు అని నానమ్మతో అంటున్నాడు. ఆవిడ ముడి బిగుతుగా ఉందని మాత్రం అంది.

మధ్యాహ్నమైంది. ప్రూయిట్ గారు తువ్వాలు తీసి మడతపెట్టి మీటా చేతికిచ్చారు. హ్యాండిల్ తిప్పి, ఎక్స్ఛేంజి అమ్మాయితో సిద్ధమన్నారు. ఆర్నో ఒక పక్క, హేజెల్ ఒక పక్క పట్టుకుని నానమ్మని లేపి పెట్టె ముందు నిలబెట్టారు. పట్టుకున్న చేతికి ఆవిడ ఎంత తేలికో తెలిసింది.

గంట మోగింది. ఆగకుండా, ఇల్లంతా, పళ్ళు జివ్వుమనేలా మోగింది. పక్క పొలం అవతలి ఇంట్లోనూ అదే గంట మోగుతోందని తెరిచిన కిటికీలోంచి వినిపించింది.

ఆర్నో ఉన్నట్టుండి నానమ్మ మొహంలోకి చూశాడు. "నానమ్మా. ఇది వీబ్కే వాళ్ళింట్లో కూడా మోగుతోంది కదా."

ఆంట్యె తల రుమాలు సర్దుకుంది. "ఎందుకు మోగదూ, వాళ్ళదీ ఈ తీగే," అంది.

హేజెల్ నాన్న వైపు చూసింది. ఆయన గడియారం చూసుకుంటున్నారు. వాళ్ళు మాట్లాడుకున్నది జర్మనులో. ఆయనకి అర్థం కాలేదు. చెప్పాలా వద్దా అని ఆమె ఆలోచించేలోగా గంట ఆగింది. ఆంట్యె రిసీవరు చెవికి పెట్టుకుంది. ఆ చెవికి దగ్గరగా హేజెల్ తల ఆనించింది, ఆవిణ్ణి పట్టుకోవడానికి కొంత, వినడానికి కొంత.

తీగ మీద ఒక్కొక్కరే వస్తున్నారు. టక్కుమని ఒక చప్పుడు, దాని వెనకాల ఎవరిదో ఊపిరి. ఎవరింట్లోనో చంటిపిల్ల రాగం. ఎవరిదో దగ్గు. వచ్చే ప్రతి మనిషితోనూ తీగ కాస్త బలహీనపడుతుంది. అందరూ ఎత్తితే గొంతులు బావిలోంచి వచ్చినట్టు వస్తాయి.

"నా పేరు ఆంట్యె క్లింట్," అని మొదలుపెట్టింది ఆవిడ ఇంగ్లీషులో. వెన్న ధర చెప్పే గొంతు. వణుకు లేదు. "మీ అందరికీ నేను తెలుసు. ఈ దేశం నా దేశం. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. నా మొగుణ్ణి ఇక్కడే పాతిపెట్టాను."

ప్రూయిట్ గారు తల ఊపారు. ఇంకొక్క వాక్యం ఉంది. ఇకమీదట ఈ టెలిఫోనులో ఇంగ్లీషే మాట్లాడతానన్న వాక్యం.

"ఆంట్యె?"

ఎక్కడో అడుగునుంచి వచ్చింది ఆ గొంతు. ముద్దముద్దగా, సగం నోటితో పలికిన మాట. జర్మనులో.

"ఆంట్యె, నువ్వేనా? నువ్వు పోయావనుకున్నానే. రోజూ అడుగుతున్నా, నీ గురించి ఎవరూ చెప్పరు. పోయావనే చెప్పడం లేదనుకున్నా."

హేజెల్ పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. అది తన చెయ్యో నానమ్మ చెయ్యో ఆమెకి తెలియలేదు.

ప్రూయిట్ గారికి వీబ్కే గొంతు వినిపించదు. ఆయనకి కనిపిస్తున్నది ఆంట్యె ఆగిపోవడం ఒక్కటే. మర్చిపోయిందనుకున్నారు. సాయంగా ముందుకు వంగి, ఆఖరి వాక్యం మొదటి మాట మెల్లగా అందించారు. ఆవిడ పలకలేదు. మళ్ళీ అందించారు.

"ఆంట్యె?" అంది తీగలో గొంతు.

హేజెల్ రెండో చెయ్యి తీసి నాన్న ఛాతీ మీద పెట్టింది. తొయ్యలేదు. అక్కడే ఉంచింది.

"ఉన్నానే," అంది ఆంట్యె జర్మనులో, తీగ మీదున్న ఊరందరి చెవుల్లోనూ. "ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాను. తిన్నావా?"

మీటా చేతిలోని తువ్వాలు నేలమీద పడింది.

టక్కుమని చప్పుడైంది. ఎవరో రిసీవరు పెట్టేశారు. వెంటనే ఇంకొకటి. చంటిపిల్ల రాగం ఆగింది. దగ్గు ఆగింది. ఒకరి తర్వాత ఒకరు, వచ్చినట్టే, తీగ మీంచి వెళ్ళిపోతున్నారు. కోపంతో పెట్టేస్తున్నారో, విన్నామని రేపు ఎవరూ సాక్ష్యం చెప్పనక్కర్లేకుండా పెట్టేస్తున్నారో హేజెల్‌కి తెలియలేదు. ఒక్కొక్కరు వెళుతున్నకొద్దీ వీబ్కే గొంతు దగ్గరికొచ్చింది. బావిలోంచి గదిలోకి, గదిలోంచి చెవి పక్కకి. తిన్నానంది. ఉప్పు తక్కువైందంది. కోడలు బాగానే చూస్తోందంది. ఏడుస్తోంది కూడా, కానీ ఏడుస్తున్నట్టు ఒప్పుకోవడం లేదు.

ఆ తర్వాత ఇద్దరూ ప్రార్థన చెప్పుకున్నారు. ఆంట్యె ఒక్కొక్క మాట ముందు చెప్పి, చెల్లెలి నోరు దాన్ని అందుకునేదాకా ఆగింది. ప్రూయిట్ గారు కదలలేదు. కూతురి అరచేతి కింద ఆయన గుండె గబగబా కొట్టుకుంటోంది. రిసీవరు తగిలించే కొక్కేన్ని ఒక్కసారి కిందికి నొక్కితే తీగ తెగిపోతుంది. ఆయన చెయ్యి అక్కడిదాకా అందుతుంది కూడా. ఆయన నొక్కలేదు.

ఆంట్యె రిసీవరు తగిలించి కుర్చీ అడిగింది. ఆర్నో తెచ్చి వేశాడు.

"మేస్టారూ," అంది ఆవిడ, కూర్చుని ఊపిరి తీసుకున్నాక, ఇంగ్లీషులో. "మీ మీద నాకు కోపం లేదు. ఇక మీరు చెయ్యవలసింది మీరు చెయ్యండి."

ఆయన ఏదో అనబోయేలోపు టెలిఫోను మోగింది. రెండు పొడుగు, ఒక పొట్టి. అది ఈ ఇంటి గంట.

ఎవరూ లేవలేదు. మళ్ళీ మోగింది.

"నువ్వు ఎత్తమ్మా," అన్నారు ప్రూయిట్ గారు.

"నీకోసమే అయ్యుంటుంది నాన్నా. నువ్విక్కడున్నావని వాళ్ళకి తెలుసుగా. ఏం విన్నావని అడుగుతారు. విన్నది నువ్వే." ఆమె చెయ్యి తీసేసింది. "నేను ఎత్తను."

ఆయన కూతుర్ని చాలాసేపు చూశారు. ఆమెని ఆయన ఎప్పుడూ అలా చూడలేదు, ఏదో ఊళ్ళో దిగి దారి అడగబోయే మనిషిలా. తర్వాత వెళ్ళి రిసీవరు ఎత్తారు.

తానేనన్నారు. అవునన్నారు. అవతలివాళ్ళు పెద్దగా, చాలాసేపు మాట్లాడుతున్నారు. ఆ గొంతు గుమ్మంలో నిలబడ్డ ఆర్నో దాకా వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. ప్రూయిట్ గారు గోడ మీద ఓడ బొమ్మ వైపు చూస్తూ వింటున్నారు.

"విన్నాను," అన్నారు చివరికి. "నేనిక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను."

మీటా కళ్ళు మూసుకుంది.

"ఏమందా?" అన్నారాయన. అని ఆగిపోయారు. అవతల గొంతు రెట్టించింది. ఆయన మాట్లాడే గొట్టం మీద అరచెయ్యి మూసి, హేజెల్ వైపు తిరిగారు.

"ఆవిడ ఏమంది తల్లీ?" అన్నారు.